పీచు బేళ్లకు సరిపడ్డ ఫోర్కులు

1984 వేసవి చివర. అమలాపురం నుంచి అంబాజీపేట వెళ్లే రోడ్డు పక్కన నాకొక ట్రాక్టర్ల వర్క్‌షాపు ఉండేది. మా ఇంట్లో తాతగారి దాకా అందరూ వేదం చెప్పుకున్నవాళ్లే. నేను మాత్రం మెకానికల్ డిప్లొమా చదివి, జంధ్యం చొక్కా లోపలికి దోపుకుని గ్రీజులో చేతులు పెట్టాను. బోర్డు మీద ఏ పేరు రాయించినా జనం నోట 'పంతులుగారి షెడ్డు' అనే నిలిచిపోయింది. బురద పొలాల్లో దున్నే దమ్ము చక్రాలకు వెల్డింగు, గేరుబాక్సు పనులు, హైడ్రాలిక్ పంపుల రిపేర్లు, ఇవే నా రోజువారీ పని. ఎన్నో ట్రాక్టర్లు వచ్చి పోయాయి. కానీ ఎవరైనా నీ పనిలో నీకు బాగా గుర్తుండిపోయింది ఏదని అడిగితే, నేను చెప్పేది ఒక చిన్న ట్రాక్టరుకు ఫోర్కులు ఎంచిన సంగతే.

ఒక ఉదయం వెంకన్న మేస్త్రీ కుంటుకుంటూ షెడ్డులోకి వచ్చాడు. అంబాజీపేట దగ్గర రాఘవయ్యగారి కొబ్బరి పీచు యార్డులో ఎగుమతి ముఠాకి ఆయన మేస్త్రీ. ముఠా అంటే లారీలకు సరుకు ఎక్కించే కూలీల జట్టు. యార్డులో పీచును ప్రెస్సులో అదిమి, తాళ్లతో బిగించి, బేళ్లుగా కడతారు. ఒక్కో బేలు ముప్పై అయిదు కిలోలు తూగుతుంది. వాటిని వీపు మీద వేసుకుని, లారీకి ఆనించిన బల్ల మీదుగా పైకి ఎక్కాలి. అంతకుముందు వానాకాలంలో తడిసిన బల్ల మీద వెంకన్న కాలు జారింది. బేలుతో సహా కింద పడ్డాడు. ఎడమ మోకాలు ఆ తర్వాత సరిగా మడవలేదు.

"పంతులుగారండీ, మా షావుకారు ట్రాక్టరొకటి కొన్నారండీ. ముందర బకెట్టు ఉంటది చూడండి, మట్టి ఎత్తేది, అలాంటిదండీ" అన్నాడు.

"ఫ్రంట్ లోడరా?"

"ఆయ్, అదేనండీ. కాలవ పనులు చేసే కంట్రాక్టరు అమ్మేసేడంట. బకెట్టు తీసేసి ఫోర్కులు పెట్టిస్తారంటండీ. బేళ్లు దాంతోనే ఎక్కించేస్తారంట."

ఫోర్కులంటే ఇంగ్లీషు ఎల్ అక్షరంలా వంచిన రెండు ఇనుప నాలుకలు. సరుకు పేర్చిన చెక్క బల్ల కిందకి వాటిని దూర్చి ఎత్తుతారు. ఆ బల్లను ప్యాలెట్ అంటారు. రేవుల్లో, పెద్ద ఫ్యాక్టరీల్లో తప్ప మా కోనసీమలో అప్పటికి అలాంటిది ఎవరూ వాడలేదు.

"మంచిదేగా మేస్త్రీగారూ, నడుములు బతుకుతాయి" అన్నాను.

"నడుం బతికితే సరిపోద్దాండీ? పొట్టో?" అన్నాడాయన. "టౌను నుంచి డ్రైవర్ని తెచ్చుకుని, ముఠాలో నలుగుర్ని ఉంచి మిగతావాళ్లని పొమ్మంటారని యార్డంతా చెప్పుకుంటన్నారు. నేను షావుకారు దగ్గరికెళ్లేనండీ. బండి మాకే ఇవ్వండి, మేమే తోలుకుంటాం, లారీకి పాత రేటే ఇవ్వండి, మనిషిని ఒక్కణ్ణి కూడా తీయొద్దు అని అడిగేను. ఆయన నవ్వేరు. అయితే ఒక లారీ ఎక్కించి చూపించండి, బేలు చిరక్కూడదు, బండి పడకూడదు, మనిషికి దెబ్బ తగలకూడదు అన్నారు. అలా అయితే బండి ముఠాదేనన్నారు."

"తోలేదెవరు?"

"నేనేనండీ" అన్నాడు. "మొయ్యడానికి ఎలాగూ పనికిరాను కదా."

మర్నాడు యార్డుకు వెళ్లాను. ట్రాక్టరు ఇరవై అయిదు హార్స్‌పవర్‌ది, చిన్నది. లోడరు చేతులు బాగానే ఉన్నాయి, హైడ్రాలిక్ సిలిండర్లలో కొద్దిపాటి లీకు ఉంది. రాఘవయ్యగారు నన్ను గుమస్తా గది వెనక్కి తీసుకెళ్లి, గోనెపట్టా తొలగించి చూపించారు. కాకినాడ పాత ఇనుము షెడ్లలో కొన్న ఫోర్కులు. రేవులో పెద్ద ఫోర్క్‌లిఫ్టు నుంచి విప్పినవి. ఒక్కొక్కటి ఆరడుగుల పొడవు, తాటిదూలమంత లావు. ముఠావాళ్లు చుట్టూ చేరి వాటిని తడిమి చూస్తున్నారు.

"ఏనుగుని ఎత్తుతాయి శాస్త్రిగారూ ఇవి!" అన్నారు రాఘవయ్యగారు.

"ఏనుగుని ఇవి ఎత్తుతాయండీ. వీటిని ఎవరు ఎత్తాలి?" అన్నాను.

ఆయన ముఖం కాస్త ముడుచుకుంది. ఆ ఫోర్కుల్ని యార్డు కాటా మీద పెట్టించాను. రెండూ కలిపి రెండువందల కిలోల పైమాటే. లోడరు మీద కంపెనీ వాళ్లు కొట్టిన బిళ్ల ప్రకారం అది ఎత్తగలిగింది అయిదువందలు. అదీ చేతుల చివర, బకెట్టు తగిలించే పిన్నుల దగ్గర. ఫోర్కులు తగిలించే చట్రాన్ని క్యారేజ్ అంటారు. దాని బరువు కూడా పోతే ఇక మిగిలేది ఎంత? పైగా సరుకు పిన్నుల దగ్గర కూర్చోదు, వాటికి ముందు కూర్చుంటుంది. సరుకు బరువు కేంద్రం ఎంత ముందుకు పోతే ఎత్తే శక్తి అంత తగ్గుతుంది. దాన్ని మా భాషలో లోడ్ సెంటర్ అంటాం.

ఇదంతా చెబుతుంటే రాఘవయ్యగారు యార్డు గేటు వైపు చూస్తున్నారు. వెంకన్న మాత్రం వెంటనే అందుకున్నాడు. "బేలు వీపుకి అంటుకుని ఉంటే మెట్లెక్కెయ్యొచ్చండీ. అదే బేలుని చేతులు చాపి పట్టుకోమంటే ఎవడి వల్లవుద్ది?"

"అంతే మేస్త్రీగారూ. ఈ ఫోర్కులు తగిలిస్తే, ట్రాక్టరు పొద్దస్తమానం చేతులు చాపుకునే ఉంటుంది."

అయినా షావుకారికి కొన్న వస్తువు మీద మమకారం పోలేదు. వాదించి లాభం లేదనిపించింది. తగిలించి చూద్దాం అన్నాను. ట్రాక్టర్ని నా షెడ్డుకు తెప్పించి, తాత్కాలికంగా చట్రం కట్టి, ఆ పెద్ద ఫోర్కులు బిగించాను. ఎవరూ దగ్గరికి రాకుండా తాడు కట్టించి, నేనే సీటులో కూర్చున్నాను. ప్యాలెట్‌గా ఒక చెక్క బల్ల, దాని మీద ఆరు బేళ్లు. నడుము ఎత్తు దాకా ఎత్తి, కిందకి దించుతూ లివర్ ఆపాను. ఆ కుదుపుకు ముందు టైర్లు నొక్కుకుపోయాయి. వెనక చక్రాలు రెండూ నేల విడిచి జానెడు పైకి లేచాయి. నా కాళ్లకింద ట్రాక్టరు తూగుడు బల్ల అయిపోయింది. మెల్లగా దించేశాను. వెనక చక్రాలు ధబ్బున నేలకు కొట్టుకున్నాయి.

తాడు అవతల నిలబడ్డ రాఘవయ్యగారు పైపంచెతో ముఖం తుడుచుకున్నారు. "శాస్త్రిగారూ, ఏం కావాలో మీరే చూడండి. నేను మాట్టాడను" అన్నారు.

కొత్త ఫోర్కులు చేయించాలా, వెతికి కొనాలా అన్నది తర్వాతి సమస్య. లారీ కమాను పట్టీలు వంచి వెల్డింగు చేసేస్తే చవకలో అయిపోతుందని ముఠాలో సత్తిరాజు సలహా ఇచ్చాడు. అతను ముఠాలో అందరికంటే బలమైనవాడు, ఈ యంత్రం మీద ఏమాత్రం నమ్మకం లేనివాడు కూడా. కమాను ఉక్కు గట్టిదే. కానీ దాన్ని కాల్చి వంచినా, అతుకు పెట్టినా ఆ చోట పెళుసుబారుతుంది. ఫోర్కులో బరువంతా పడేది ఆ వంపులోనే. దాన్ని హీల్ అంటారు, అంటే మడమ. అక్కడ పగులు వస్తే చప్పుడు చేయకుండా విరుగుతుంది. కింద మనిషి ఉంటే అంతే. అందుకని సాగగొట్టి ఒకే ముక్కగా చేసిన ఫోర్కులే కావాలని పట్టుబట్టాను. వాటి పొడవు ప్యాలెట్ లోతుకు మించకూడదు. మించితే కొన అవతలికి పొడుచుకొచ్చి, వెనక వరసలో బేలు పీచును చీరేస్తుంది.

నేనూ వెంకన్నా కాకినాడ బయల్దేరాం. ఎదుర్లంక దాకా బస్సు, అక్కణ్ణించి పంటు మీద గోదావరి దాటి యానాం, మళ్లీ బస్సు. పాత ఇనుము షెడ్లలో మధ్యాహ్నం దాకా తిరిగాం. చివరికి ఒక షెడ్డులో మాకు సరిపడే సైజువి రెండు జతలు దొరికాయి. ఒకటి నల్లరంగు వేసి కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఇంకొకటి తుప్పుపట్టి గోడకు ఆనించి ఉంది.

"నల్లది తీసుకెళ్లండి, మళ్లీ మళ్లీ దొరకదు" అన్నాడు షెడ్డు యజమాని.

నేను సంచిలోంచి కిరసనాయిలు సీసా, సుద్దపొడి తీశాను. గరుకు కాగితంతో మడమ దగ్గర రంగు గీకి, కిరసనాయిలు పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచేశాను. పైన సుద్దపొడి చల్లాను. కంటికి కనపడని పగులు ఉంటే అందులోకి దిగిన కిరసనాయిలు మళ్లీ బయటికి ఊరి, సుద్దను తడుపుతుంది. మేం ముగ్గురం వంగి చూస్తూ నిలబడ్డాం. తెల్లటి సుద్దలో, మడమకు అడ్డంగా, వెంట్రుక మందాన ఒక తడి గీత మెల్లగా తేలింది.

"అమ్మో!" అన్నాడు వెంకన్న.

షెడ్డు యజమాని కూడా నిజంగానే అదిరిపడ్డాడు. "నాకు తెలీదండీ బాబూ, ఒట్టు" అని, ఆ ఫోర్కు మీద అక్కడికక్కడే సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు వేసేశాడు.

తుప్పుపట్టిన జతను కూడా అలాగే చూశాను. గీత రాలేదు. మడమ అరుగుదల కొలిచాను, పదో వంతు కూడా లేదు. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి కొనలు చూస్తే సమానంగా ఉన్నాయి, అంటే ఏదీ వంగలేదు. మూడడుగుల పైన నాలుగంగుళాల పొడవు. రెండూ కలిపి డెబ్బై కిలోలు. నాకు కావలసిందంతా అందులో ఉంది. రూపం ఒక్కటే లేదు.

"ఇవేనండీ" అన్నాడు వెంకన్న, నేనింకా నోరు తెరవకముందే.

తిరుగుప్రయాణంలో పంటు నడిపే సరంగు వాటిని కాలితో తట్టి, "ఏంటండీ ఇవి, ఏ రాక్షసుడి నాగలి కర్రులు?" అని అడిగాడు. వెంకన్న చాలా గంభీరంగా, "మా ముఠాలోకి కొత్తగా ఇద్దరు చేరేరండీ, వాళ్లే" అన్నాడు. పంటు మీదున్నవాళ్లంతా నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

షెడ్డులో మిగతా పని నాది. చట్రం తేలికగా, కానీ మూలల్లో బలంగా కట్టాను. ఫోర్కుల్ని దగ్గరకీ దూరానికీ జరుపుకునే వీలుంచాను. సరుకు వెనక్కి దొర్లి డ్రైవరు మీద పడకుండా చట్రం మీద నిలువు కడ్డీల అడ్డు పెట్టాను. దాన్ని బ్యాక్ రెస్ట్ అంటారు. ట్రాక్టరు వెనక ఒక ఇనుప పెట్టె తగిలించి సిమెంటు కాంక్రీటుతో నింపాను. ముందు బరువుకు వెనక జవాబు ఉండాలి కదా, అదే కౌంటర్ వెయిట్. వెనక టైర్లలో నీళ్లు పట్టించాను. ప్యాలెట్లు ముఠావాళ్లే తాటిచెక్కతో చేసుకున్నారు. వెంకన్న మోకాలు మడవదు, క్లచ్ ఎడమ కాలితో తొక్కాలి. సీటు వెనక్కి జరిపి, పెడల్ మీద మందపాటి చెక్క బిగించాను. కాలు చాపే తొక్కగలిగాడు.

ఇక నేర్పడం. ఆ పాత లోడరుకు ఒక తిరకాసుంది. చేతులు పైకి లేచేకొద్దీ ఫోర్కుల కొనలు కూడా ఆకాశం వైపు తిరుగుతాయి. ఒక లివర్‌తో ఎత్తుతూ ఇంకో లివర్‌తో వాటిని సమం చేస్తూ ఉండాలి. ప్యాలెట్ మీద నిండా నీళ్లున్న బిందె పెట్టి, తొణక్కుండా ఎత్తి దించమన్నాను. మొదటిరోజు షెడ్డు ముందంతా బురద అయింది. నాలుగోసారి బిందె దొర్లినప్పుడు సత్తిరాజు అటుగా వచ్చి, "మేస్త్రీ, రోడ్డుకి నీళ్లు చల్లే కాంట్రాక్టు తీసుకున్నావేంటి?" అని ఎగతాళి చేశాడు. వెంకన్న బిందె మళ్లీ నింపి తెచ్చుకున్నాడు. రోజూ పని అయ్యాక వచ్చి చీకటి పడేదాకా అదే పని. చివరికి ఒకరోజు బిందె లారీ ఎత్తుకు లేచి, కిందకి వచ్చి నేలమీద ఆగింది. అంచు దాకా ఉన్న నీళ్లు అలాగే ఉన్నాయి. ఆయన సీటులోంచి దిగి, ఆ బిందెలో నీళ్లే దోసిట పట్టి ముఖం కడుక్కున్నాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. ముందురోజు వాన పడింది. యార్డంతా చిత్తడి. పై రాష్ట్రం వెళ్లే లారీ పక్క తలుపులు దించి సిద్ధంగా ఉంది. పక్క యార్డుల షావుకార్లు కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పీచు ఆరబెట్టే ఆడవాళ్లు పని ఆపి నిలబడ్డారు. ముఠాలో సగంమంది చేతులు కట్టుకుని దూరంగా ఉన్నారు, అందులో ముందు సత్తిరాజు. నాకు లెక్క అంతా సరిగ్గా ఉందని తెలుసు. కానీ లెక్క కాగితం మీద తడవదు, నేల తడుస్తుంది.

మొదటి ప్యాలెట్ శుభ్రంగా లేచింది. వెనక చక్రాలు నేలను వదలలేదు. లారీ పైనున్న ఇద్దరు బేళ్లు అందుకుని సర్దారు. రెండోది, మూడోది కూడా ఎక్కాయి. నాలుగోది ఎత్తుకుని వస్తుండగా ముందు ఎడమ చక్రం మెత్తని చోట దిగిపోయింది. ట్రాక్టరు ఒక పక్కకు ఒరిగింది. ప్యాలెట్ మీద పై బేలు కదిలి, బ్యాక్ రెస్టుకు ఆనుకుని ఆగింది. ఆడవాళ్లలో ఎవరో కేకవేశారు.

నేను అరుద్దామనుకున్నాను. ఆ అవసరం రాలేదు. వెంకన్న బండి ఆపి, ముందు సరుకును మెల్లగా నేల దగ్గరికి దించాడు. బరువు కిందకి రాగానే ట్రాక్టరు కుదుటపడింది. అలాగే వెనక్కి తీసి గట్టినేల మీదికి వచ్చి ఆగాడు. అరుగు మీదనుంచి ఒక షావుకారు, "ఇక కుదరదులే రాఘవయ్యా, ఇది గట్టి నేలా ఏంటి!" అన్నాడు.

ఆ మాట సత్తిరాజుకు ఎక్కడ తగిలిందో తెలీదు. కట్టుకున్న చేతులు విప్పి, "ఎందుకు కుదరదండీ?" అన్నాడు. ముఠా వైపు తిరిగి, "డొక్క తెండ్రా! నిలబడి చూస్తారేంటి, మేస్త్రీ ఒక్కడిదా ఈ పని?" అని కేకేశాడు. అంతే, గంపలు కదిలాయి. ముఠా మొత్తం, వాళ్లతో పాటు ఆడవాళ్లూ కలిసి కొబ్బరికాయల మీంచి ఒలిచిన డొక్కలు మోసుకొచ్చి, బేళ్ల గుట్ట నుంచి లారీ దాకా పరిచి తొక్కేశారు. చూస్తుండగా బురద మీద గోధుమరంగు బాట తయారైంది. సత్తిరాజు దాని మీద నిలబడి గెంతి చూసి, "రా మేస్త్రీ!" అన్నాడు.

ఆ తర్వాత ఆగింది లేదు. కింద ఇద్దరు ప్యాలెట్లు నింపుతుంటే, ఇద్దరు ఖాళీవి తెస్తుంటే, లారీ మీద మిగతావాళ్లు సర్దుతుంటే, వెంకన్న మధ్యలో రాట్నంలా తిరిగాడు. లారీ అంచు దాటి పైవరసలు వేసేటప్పుడు సత్తిరాజే పైకెక్కి, "కొంచెం పైకి, ఆయ్, చాలు చాలు" అంటూ చేత్తో సైగలు చేశాడు. మామూలుగా పొద్దువాలే దాకా పట్టే లారీ భోజనాల వేళకు నిండిపోయింది. ఒక్క బేలు చిరగలేదు. ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. డ్రైవరు తాళ్లు బిగించి హారన్ కొట్టగానే ముఠావాళ్లు వెంకన్నను సీటులోంచి ఎత్తి భుజాల మీద పెట్టుకున్నారు. "మోకాలు, మోకాలు జాగ్రత్తరా!" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు, నవ్వుతూనే ఉన్నాడు.

రాఘవయ్యగారు అరుగు దిగి వచ్చారు. "మేస్త్రీ, మాటంటే మాటే. బండి ముఠాది. ఎవర్నీ తీసేది లేదు" అన్నారు అందరూ వినేలా. ఆ పక్కనే ఉన్న షావుకారు నా చెవి దగ్గరికి వచ్చి, "శాస్త్రిగారూ, మా యార్డుకి కూడా ఈ ముఠా వస్తుందేమో కనుక్కుంటారా?" అని అడిగాడు. ఆ మాట విన్న సత్తిరాజు, "మమ్మల్నే అడగండీ, ఇక్కడే ఉన్నాం కదా" అన్నాడు.

ఆ వానాకాలమంతా ముఠా రెండు యార్డులకు ఎగుమతి చేసింది. మనుషులు తగ్గకపోగా ఇద్దరు పెరిగారు. వాన పడ్డ బల్ల మీద బేలుతో ఎక్కాల్సిన పని ఎవరికీ రాలేదు.

తర్వాత నేను చాలా లోడర్లకు చాలా రకాల పనిముట్లు అమర్చాను. వచ్చినవాళ్లు మొదట అడిగేది ఎంత పెద్దది పెట్టగలరు అని. నేను మొదట అడిగేది ఏం ఎత్తుతారు, ఏ నేల మీద ఎత్తుతారు, తోలేది ఎవరు అని. ఆ మూడూ తెలిస్తే ఇనుము సంగతి అదే తేలుతుంది. ఈ సంగతి నాకు పుస్తకంలో కొంత తెలుసు. పూర్తిగా తెలిసింది ఆ యార్డులోనే.

మూడేళ్ల తర్వాత రాఘవయ్యగారు రెండో ట్రాక్టరు కొన్నారు. ఫోర్కుల కోసం నాకు కబురొస్తుందని ఎదురుచూశాను. రాలేదు. కొంచెం నొచ్చుకునే ఒకరోజు యార్డుకు వెళ్లాను. వెంకన్నా సత్తిరాజూ కాకినాడ వెళ్లి వాళ్లే ఎంచుకొచ్చేశారట. ఆ జత అప్పటికే చట్రం మీద ఉంది. చుట్టూ తిరిగి చూశాను. పొడవు, మందం, మడమ, కొనలు అన్నీ చూశాను. నేను వెళ్లినా అవే తెచ్చేవాణ్ణి.

"ఎలా ఉన్నాయండీ?" అని అడిగాడు వెంకన్న.

"నాకు పనిలేకుండా చేసేశారు మేస్త్రీగారూ" అన్నాను. నా జీవితంలో అంత సంతోషంగా ఆ మాట ఇంకెవరితోనూ అనలేదు.